తెల్లబడ్డ ఇంజనాయిల్

మా ఇంట్లో ఎవరి మాటనూ మొదటిసారి నమ్మడం ఉండదు. పాలామె గేటు దాటకముందే గిన్నెలో వేలు ముంచి చూస్తాం. గ్యాస్ బండను తూకం వేసి చూపిస్తేనే లోపలికి రానిస్తాం. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఇబ్రహీంపట్నం చుట్టూ భూములకు రెక్కలొచ్చిన ఏళ్ళలో మా ఆయన ప్లాట్ల వ్యాపారంలోకి దిగాడు. ఒకే జాగను ఇద్దరికి అమ్మేవాళ్ళు, హద్దురాయిని ఇవతలికి జరిపి ఏమీ ఎరగనట్టు నిలబడేవాళ్ళు, బాగున్న భూమి మీద లేని పేచీ పుట్టించి ధర దించి తామే కొనేసేవాళ్ళు, రోజంతా అలాంటివాళ్ళ మధ్య తిరిగి వచ్చేవాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పేవాడు గానీ ఆ అనుమానాన్ని మాత్రం విప్పేవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో నేను ఎవరేం చెప్పినా నమ్మేదాన్ని. ఆయనతో కాపురం చేసి చేసి నాకూ ఆ రోగం అంటుకుంది.

అలాంటి ఇంటికి ఒక పాత జెట్ బోటు వచ్చింది.

చాలా ఏళ్ళు పగుళ్ళిచ్చి పడి ఉన్న మా పెద్ద చెరువు, వరసగా కురిసిన వానలకు నిండి అలుగు పారింది. ఆదివారమైతే చాలు, పట్నం నుంచి వచ్చే కార్లతో కట్టమీద నిలబడే చోటు ఉండేది కాదు. మక్కకంకులు కాల్చేవాళ్ళు, చేపలు వేయించేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో దిగారు. నీళ్ళను చూడడానికే ఇంతమంది వస్తే నీళ్ళమీద తిప్పితే ఎంతమంది వస్తారో అన్న ఆలోచన మా తమ్ముడిది. వాడికి హయత్‌నగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం. అమ్మా నాన్నా పోయాక పుట్టింటి వైపు నుంచి నా గడప తొక్కే మనిషి వాడొక్కడే. ఏ పండుగకైనా, ఏ జ్వరానికైనా వాడే రావాలి. బోటు వల్ల వారం వారం వస్తాడు కదా అని నేను లోలోపల మురిసిపోయాను. బావా బామ్మర్దులు కలిసి పర్మిషన్ల కోసం ఆఫీసులు తిరిగారు, మూతబడిన ఏదో రిసార్టు వాళ్ళ దగ్గర బోటు కొన్నారు, ట్రాలీ మీద తెచ్చి మా వాకిట్లో రేకుల షెడ్డు కింద నిలబెట్టారు.

బోటును చూడగానే మా ఆయన చేసిన మొదటి పని, వేలితో తట్టుకుంటూ చుట్టూ తిరగడం. ఎక్కడైనా అతుకు వేసి రంగు పూశారేమోనని. మా మామ, అంటే మా ఆయన తండ్రి, నేలమీద కూర్చుని బోటు కిందికి తొంగి చూశాడు.

"పంకా ఏదిరా? పంకా లేకుండ గిది ఎట్ల పోతది?" అన్నాడు.

"పంకా లోపల ఉంటది మామా. కింద జాలి ఉన్నది చూడు, గక్కడికెల్లి నీళ్ళు గుంజుతది, ఎన్కకెల్లి కొడతది. గా తోపుకే ముందటికి పోతది" అని తమ్ముడు చెప్పాడు.

"అంటే మన మోటరే గదా!" అన్నాడు మామ సంబరంగా. బాయి మోటర్లతో, పొలంతో బతికిన మనిషి ఆయన. పొలం ప్లాట్లయి పోయాక చేయడానికి పనేమీ లేక వాకిట్లో ఎండుటాకులు ఏరుతూ కూర్చునేవాడు. ఆ రోజు నుంచి బోటు దగ్గరే కుర్చీ వేసుకున్నాడు.

ఎవరో వాడుకుని వదిలేసిన బోటును కొత్తగా కొన్నవాళ్ళు నన్ను అడిగితే ఒకటే చెబుతాను. నడపడం ఓ పూటలో వచ్చేస్తుంది. దించేముందు, ఎక్కించాక చేసే చాకిరీ దగ్గరే తెలుస్తుంది మనిషి సంగతి. ఇంజన్ మూత ఎత్తి పెట్రోలు వాసన వస్తోందా అని చూడాలి, వస్తే తాళం తిప్పకూడదు. అడుగున నీళ్ళు కారిపోయే బిరడాలు బిగించారా లేదా అని వంగి చూడాలి. మోకాలి లోతు నీళ్ళలో ఇంజన్ వేగం పెంచితే ఇసుకా గులకరాళ్ళూ లోపలికి పీల్చుకుంటుంది. మా చెరువులోనైతే ఇసుక కన్నా తుంగ, గుర్రపుడెక్క ఎక్కువ. నీళ్ళు పీల్చే జాలి కమ్మీల్లో ఇంత గడ్డి చుట్టుకుందంటే బోటు అరుస్తుంది గానీ కదలదు. బోటును ఆపి, తాళం తీసి, అప్పుడు చెయ్యి పెట్టి లాగాలి. ఇవన్నీ తమ్ముడు ఓపిగ్గా చేసేవాడు. మా ఆయన ఒడ్డున నిలబడి లైఫ్ జాకెట్లు తొడిగేవాడు, దిగినవాళ్ళు వాటితోనే వెళ్ళిపోతున్నారేమోనని కాపలా కాసేవాడు.

సాయంత్రం ఇంటికి తెచ్చాక ఇంజన్ లోపలి బురద పోయేలా, కుళాయికి, అదే మా నల్లకు, పైపు పెట్టి మంచినీళ్ళతో కడగాలి. అమ్మినవాళ్ళు దీన్ని తమ్ముడి చేత ఒకటికి రెండుసార్లు చేయించి చూపించారట. మొదటి ఆదివారం వాడు మా అందరినీ పిలిచి చెప్పాడు. "పైపు తగిలియ్యాలె, నల్ల ఇడువొద్దు. మొదలు ఇంజన్ స్టార్ట్ చెయ్యాలె, ఎంటనే నల్ల ఇడువాలె. అయినంక మొదలు నల్ల బందు చేసి, ఉన్న నీళ్ళు కొట్టేసినంక ఇంజన్ బందు చెయ్యాలె. ఉల్టా చేస్తే ఇంజన్ ఖతం."

మా ఆయన ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టాడు. నల్ల తిప్పేలోపు ఇంజన్ ఎండుగా గర్జించిన ఆ కాసేపూ మామ మొహం ముడుచుకుపోయింది. "ఈ పోరడు దీన్ని దక్కనియ్యడు" అని నాతో గొణిగాడు. నేను పట్టించుకోలేదు. ఆయనకు మా తమ్ముడి జుట్టు కూడా నచ్చదు.

కొన్ని వారాలు బాగా గడిచాయి. తర్వాత ఒక ఆదివారం పొద్దున, చెరువుకు తీసుకుపోయే ముందు తాళం తిప్పితే ఇంజన్ 'టక్' మని ఆగిపోయింది. మళ్ళీ తిప్పినా అంతే. తమ్ముడు ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగాడు. నల్లగా ఉండాల్సిన నూనె పాలు పోసిన చాయ్ రంగులో ఉంది. కట్టమీద జనం ఎదురుచూస్తున్నారు, మా వాకిట్లో బోటు మొరాయించి కూర్చుంది.

ట్రాక్టరుకు ట్రాలీ కట్టి పట్నంలో ఒక మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయారు. నేనూ వెంట వెళ్ళాను. మా ఆయన అనుమానం ఎటు తిరుగుతుందోనని వాళ్ళిద్దరినే పంపబుద్ధి కాలేదు. మెకానిక్ ప్లగ్గులు విప్పి తాళం తిప్పితే ఆ రంధ్రాల్లోంచి నీళ్ళు చిమ్మి షెడ్డు గోడ తడిసింది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు పైపు నుంచి నీళ్ళు వదిలితే అవి పొగ గొట్టం నిండి వెనక్కి తిరిగి ఇంజన్ లోపలికి వస్తాయని, ఇదీ అలాగే జరిగిందని అతను చెప్పాడు. నీళ్ళన్నీ తీసి, నూనె మార్చి, కాసేపు నడిపి, మళ్ళీ మార్చి, తెలుపు పోయేదాకా అలాగే చేసి ఇచ్చాడు.

"ఇంట్ల కడిగేది ఎవరు?" అని అడిగాడు చివర్లో.

మా ఆయన నా తమ్ముడి వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. హద్దురాయి జరిపినవాడి వైపు చూసే చూపు.

అయినా మెకానిక్ మాటనూ వెంటనే నమ్మక, దారిలో మొదట అమ్మినవాళ్ళను అనుమానించాడు, మునిగిన బోటును అంటగట్టారని. అలా అయితే ఇన్ని వారాలు ఎలా నడిచిందని తానే కొట్టేశాడు. తర్వాత నీళ్ళు కలిపారేమోనని పెట్రోలు బంకును. ఆ తర్వాత ఇక తమ్ముడే మిగిలాడు. ఇంటికొచ్చి చాయ్ తాగుతూ తీర్పు చెప్పేశాడు.

"తెల్వనోడు చేస్తే పొరపాటు అనుకుంట. నువ్వు తెలిసినోనివి. ఉల్టా చేస్తే ఖతం అని మాకు చెప్పిందే నువ్వు. మరి గా ఉల్టా ఎట్లయింది?"

"నేనెందుకు చేస్త బావా? అది నాది గూడ గదా?"

"గదే నేనంటున్న. సగం నీది. రెండు మూడుసార్లు ఖరాబైతే నాకు ఇసుగొచ్చి వదిలేస్త. అప్పుడు మొత్తం నీదైతది. నేను చూడని దందానా గిది?"

నాకు ఒళ్ళు మండింది. "వాడు గట్ల చేస్తడా?" అని లేచాను. "నువ్వు మధ్యల రాకు" అన్నాడు మా ఆయన. ఇంజన్ అంటుకోవాలంటే చేతికి కట్టుకునే ఒక ఎర్ర తాడు ఉంటుంది, దాని క్లిప్పు తగిలిస్తేనే స్టార్ట్ అవుతుంది. ఆ తాడు విప్పి తమ్ముడు టేబుల్ మీద పెట్టాడు. బండి ఎక్కి వెళ్ళిపోయాడు. చాయ్ గ్లాసు నిండుగా అలాగే ఉంది.

ఆ తర్వాత ఆదివారాలు వాడు రాలేదు. ఫోన్ చేస్తే దుకాణంలో గిరాకీ ఉందనేవాడు. ఫోన్‌లో వాడి మాట వెనక మాత్రం గిరాకీ చప్పుడేదీ వినిపించేది కాదు. మా ఆయనే ఎలాగో బోటు నడిపాడు, తమ్ముడు చెప్పిన వరస తప్పకుండా నా ముందే కడిగాడు. మామ ఏమీ అడగలేదు. ఇంజన్ ఖరాబైంది, బాగైంది అని తప్ప ముసలాయనకు ఎవరం ఏమీ చెప్పలేదు కూడా. మా ఇంట్లో ముసలివాళ్ళకు విషయాలు చెప్పే అలవాటు లేదు.

వాడు రావడం మానేశాక కూడా నూనె మళ్ళీ తెల్లబడింది.

ఈసారి ఇంజన్ ఆగిపోకముందే నేనే చూశాను. పుల్ల లాగి తెల్లగుడ్డకు తుడవడం నేర్చుకున్నాను అప్పటికి. గుడ్డను మా ఆయన ముందు పెట్టాను. "ఇగో, ఇప్పుడెవరు పోసిండ్రు?" అన్నాను. ఆయన గుడ్డను వాసన చూసి, "మనం లేనప్పుడు వచ్చి పోతున్నడేమో" అన్నాడు. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. హయత్‌నగర్ నుంచి ఇంత దూరం వచ్చి, గేటు దూకి, నీళ్ళు పోసి, మళ్ళీ వెళ్ళి దుకాణం తెరుస్తున్నాడట నా తమ్ముడు! మెకానిక్‌ను పిలిపించి నూనె మాత్రం మళ్ళీ మార్పించాం.

అప్పుడే నాకు ఇంకో ఆలోచన వచ్చింది. అది వచ్చినందుకు భయం కూడా వేసింది. ఈ పని మా ఆయనే చేసి తమ్ముడి మీద తోస్తున్నాడేమో. పేచీ పుట్టించి అవతలివాణ్ణి తప్పించే కిటుకులన్నీ తెలిసిన మనిషి. తమ్ముణ్ణి సాగనంపి బోటు తానే ఉంచుకోవాలనుకుంటే ఇంతకన్నా తేలిక దారి ఏముంది? అన్నం వడ్డిస్తూ ఆయన చేతులు చూసేదాన్ని. షెడ్డు వైపు వెళ్తే ఏదో ఒక వంకతో వెంట వెళ్ళేదాన్ని. నాకు తెలియాల్సింది ఒక్కటే, నా తమ్ముణ్ణి మళ్ళీ నా ఇంటికి రప్పించే రుజువు. అది మా ఆయనకు వ్యతిరేకంగా దొరికినా సరేననుకున్నాను.

శనివారం సాయంత్రం, వాకిలి ఊడ్చినప్పుడు, ముగ్గు డబ్బా తీసుకుని ట్రాలీ చుట్టూ పిండి పల్చగా చల్లాను. మా ఆయన చెప్పుల అచ్చు నాకు తెలుసు, మడమ దగ్గర ఒకవైపు అరిగి ఉంటుంది. ఆ అచ్చు పడితే ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో కూడా అనుకుని పడుకున్నాను.

తెల్లవారి తలుపు తీసేసరికి నీళ్ళ చప్పుడు వినిపించింది. మా ఆయన ఇంకా గురక పెడుతున్నాడు. వాకిట్లోకి వెళ్ళి చూస్తే, నేను చల్లిన ముగ్గు మీద ఉత్త కాళ్ళతో మామ నిలబడి ఉన్నాడు. పైపు బోటుకు తగిలించి ఉంది. నల్ల పూర్తిగా తిప్పి ఉంది. వెనక గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి నీళ్ళు వస్తున్నాయా అని చూసుకుంటున్నాడు, ఎంతో శ్రద్ధగా.

"మామా! ఏం చేస్తున్నవ్?"

"నీళ్ళు నింపుతున్న బిడ్డా."

"ఎందుకు?"

ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూశాడు. "మోటరుకు నీళ్ళు నింపకుండ స్విచ్ ఏస్తర? బాయి మీద మోటరుకు బకెట్లకు బకెట్లు పోసి నింపి, అప్పుడు ఏసేటోళ్ళం. ఉత్తగ తిప్పితే కాలి బూడిదైతది. మీ తమ్ముడు చూడు, నీళ్ళు లేకుండ గిర్రున తిప్పుతుండె. నేను చెప్తె ఇంటడా? అందుకే నేనే పొద్దుగాల నింపి పెడుతున్న, మొదలు జరంత జరంత. ఒకసారి ఖరాబైందని చెప్పిండ్రు గదా, అప్పటిసంది ఇంకింత ఎక్కువ నింపుతున్న."

నేను నల్ల కట్టేసి ట్రాలీ చక్రం మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ ముసలాయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. మోటార్లను కాపాడుతూ బతికిన మనిషి, తనకు తెలిసిన పద్ధతిలో ఇంజన్‌ను కాపాడాననుకున్నాడు. ఆ పద్ధతి మా బాయి మీద ఏనాడూ తప్పు కాలేదు.

మా ఆయనను లేపి తీసుకొచ్చాను. మామ చేత ఇంకోసారి అంతా చెప్పించాను, ఒక్క ముక్క పోకుండా. మా ఆయన విన్నాడు. పైపును చూశాడు, ముగ్గులోని ఉత్త కాళ్ళ గుర్తులను చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఏంది బాపు! నువ్వా గా పని చేసింది? నీకేమెరుక పాపం" అని తండ్రి భుజం తట్టాడు. "పోనీ తియ్. మెకానిక్‌కు చెప్త, మళ్ళ ఆయిల్ మారుస్తడు" అన్నాడు.

పని అదే, నీళ్ళు అవే, ఇంజన్ అదే. తండ్రి చేస్తే నవ్వు, నా తమ్ముడు చేశాడనుకుంటే దొంగతనం. మామ ఎదురుగానే గట్టిగా అడిగాను.

"గిప్పుడు నవ్వుతున్నవ్ గదా. గా రోజు మా తమ్మునికి చెప్పినప్పుడు నవ్వలేదేం?"

"బాపు తెల్వక చేసిండే..."

"వాడు చెయ్యనే లేదు!"

ఆయన నవ్వు ఆగింది. నేను లోపలికి వెళ్ళి ఎర్ర తాడు తెచ్చుకుని నా కొంగుకు ముడి వేసుకున్నాను. "నువ్వు వాని దుకాణంలకు పొయ్యి, కూసొని, నీ నోటితోని చెప్పేదాంక గిది నా దగ్గర్నే ఉంటది. చెరువు ఎండినా సరే" అన్నాను. ఆ ఆదివారం బోటు కదల్లేదు. కట్టమీది నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. ఆయన ఒకటి రెండుసార్లు నా కొంగు వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

మరుసటి రోజు హయత్‌నగర్ వెళ్ళాం. వెళ్ళి చెప్పొచ్చానని ఆయనంటే నేను నమ్మను కాబట్టి నేనూ వెంట వెళ్ళాను. దుకాణంలో మా ఆయన సెల్‌ఫోన్ కవర్లు అటూ ఇటూ తిప్పి చూసి, ధరలు అడిగి, ఆఖరికి అన్నాడు. "బాపు తెల్వక చేసిండట. నేనే ఏమేమో అన్న. మనసుల పెట్టుకోకు."

"సరే బావా" అన్నాడు తమ్ముడు. చాయ్ తెప్పించాడు. ముగ్గురం తాగాం. నేను ముడి విప్పి ఎర్ర తాడు వాడి చేతిలో పెట్టాను. వాడు జేబులో వేసుకున్నాడు. తిరిగి వస్తూ బస్సులో నా గుండె మీది బరువు దిగినట్టే అనిపించింది.

మెకానిక్ వచ్చి నూనె మార్చి వెళ్ళాక, ఆదివారం తమ్ముడు వచ్చాడు. పొద్దంతా బోటు తిప్పాడు, జాలిలో గడ్డి లాగాడు, సాయంత్రం ట్రాలీని షెడ్డు కిందికి చేర్చాడు. మామ తన కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు అప్పటికి విషయం చెప్పాం. అయినా ఎండు ఇంజన్ మాట వస్తే తల తిప్పుకునేవాడు. తమ్ముడు పైపు అందుకోబోయి ఆగి, తన ఫోన్ తీసి నా చేతికిచ్చాడు.

"అక్కా, జర వీడియో తియ్. మొదటిసంది చివరిదాంక. మధ్యల ఆపకు."

"ఎందుకురా?"

"తియ్యి నువ్వు."

తీశాను. వాడు ఫోన్ వైపు చూస్తూ గట్టిగా చెబుతూ చేశాడు. "ఇగో పైపు తగిలిచ్చిన. నల్ల బందున్నది, చూపియ్యక్కా. ఇంజన్ స్టార్ట్ చేసిన. ఇప్పుడు నల్ల ఇడుస్తున్న." అయ్యాక నల్ల కట్టేశాడు, మిగిలిన నీళ్ళు చిమ్మేదాకా ఇంజన్‌ను కాస్త పెంచాడు, ఆపాడు. నూనె పుల్ల లాగి తెల్లగుడ్డకు తుడిచి ఫోన్‌కు దగ్గరగా పట్టాడు. "ఆయిల్ మంచిగున్నది. నేను పోయేటప్పుడు మంచిగనే ఉన్నది."

"గిదంత ఎందుకురా? నమ్ముతలేమా నిన్ను?" అన్నాడు మా ఆయన.

"నమ్ముతున్నరు బావా. అయినా ఉండనియ్" అన్నాడు వాడు మామూలుగా. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేది. ఫోన్ తీసుకుని ఆ వీడియోను బావకు పంపాడు, వెళ్ళిందో లేదో చూసుకున్నాడు, బండి ఎక్కాడు.

తర్వాత ప్రతి ఆదివారం అంతే. పైపు ముట్టుకునే ముందు ఫోన్ నా చేతికి వచ్చేది. వాడు చేసేవాడు, నేను తీసేదాన్ని. ఆ ఇంజన్ మళ్ళీ ఎప్పుడూ మొరాయించలేదు. వారం వారం వాడు వస్తాడని మురిసిపోయిన నేను, వచ్చిన ప్రతిసారీ వాడి చేతులను ఫోన్ అద్దంలోనే చూశాను. మా ఇంట్లో నేనున్నానన్న ధైర్యం నా తమ్ముడికి చాలలేదు.